దీవి మీద పొలిమేర రాళ్లు

ఏప్రిల్ మొదటి వారంలో ఒక పొద్దున ఆరున్నరకు దీవి రేవు మీద కాలు పెట్టాను. సముద్రం కదలడం లేదు. గాలి లేదు. చొక్కా అప్పటికే వీపుకు అతుక్కుపోయింది. వీపున సంచి, కుడిచేతిలో డిటెక్టరు పెట్టె, ఎడమచేతిలో నీళ్ల డబ్బా. నా వెనక పదకొండు మంది. మాది ఇంజనీర్ల దళం. పేలకుండా నేలలో మిగిలిపోయిన గుండ్లను వెతికి తీయడం మా పని. నేను హవల్దారును.

ఆ దీవి పేరు చెప్పను. పడమటి తీరంలో ఉంది, ఎదురుగా పెద్ద నగరం ఉంది. అంతవరకు చాలు. తాతల కాలం నుంచి అది ఫౌజు చేతిలో ఉండేది. ఉత్తరపు కొసలో ఫిరంగుల గుంటలు. నడుమ గుట్ట, గుట్ట కింద మందుగుండు కొట్లు. దక్షిణాన చాంద్‌మారి, అంటే గుండ్లు పేల్చడం నేర్చుకునే మైదానం. నేలంతా ఎర్రని గుల్లరాయి. ఫౌజుకు ఇక దానితో అవసరం లేదన్నారు. ప్రభుత్వం దీవిని నగరానికి ఇచ్చింది. నగరం ఒక కంపెనీకి ఇచ్చింది.

రేవు దిగగానే కంపెనీ బోర్డు కనిపించింది. మా బారక్ కన్నా పొడవుంది. దాని మీద రంగుల బొమ్మ: కింద అంగళ్లు, పైన ఇళ్లు, పక్కన బడి, ఆస్పత్రి, ఆఫీసులు, సముద్రం వెంట నడక బాట. చాంద్‌మారి ఉన్నచోట పిల్లల పార్కు గీశారు. మా సుబేదార్ సాబ్ గఢ్వాల్ కొండల మనిషి, ఎక్కువ మాట్లాడడు. బొమ్మ ముందు కాసేపు నిలబడ్డాడు. మా మాటలన్నీ హిందీలోనే జరిగేవి, ఇక్కడ తెలుగులో చెబుతున్నాను.

"ఈ ఉయ్యాల కింద ఏముందో వీళ్లకు ఎవరైనా చెప్పారా?" అన్నాడు.

"అది చెప్పడానికే మనల్ని పంపారు సాబ్" అన్నాను.

ఆర్డరు సులువుగా ఉంది. ఉత్తరం నుంచి మొదలుపెట్టి దక్షిణానికి రావాలి. శుభ్రం చేసిన నేలను కంపెనీకి అప్పగించాలి. చెయ్యని నేలలోకి ఎవరినీ రానివ్వకూడదు. రెండింటి మధ్య రాళ్లు పాతాం. మోకాలెత్తు గుల్లరాళ్లు, సగం నేలలో. ఒక ముఖానికి ఎరుపు, ఒక ముఖానికి తెలుపు. ఎరుపు ముఖం ప్రమాదం వైపు, తెలుపు ముఖం మనుషుల వైపు. తెలుపు నిన్ను చూస్తున్నంతసేపూ నీకేం కాదని ట్రైనింగులో మొదటి రోజే చెబుతారు. సైన్యంలో నేను ఏ అనుమానమూ లేకుండా నమ్మిన మాటలు కొన్నే. అందులో ఇదొకటి.

పని ఉదయం ఆరుకు మొదలై పదకొండుకు ఆగేది. ఆ తర్వాత ఎండకు హెల్మెట్ కింద చెమట కళ్లలోకి దిగుతుంది, చెయ్యి వణుకుతుంది. మోకాళ్ల మీద కూర్చొని, డిటెక్టరు కూసిన చోట సన్నని ఇనుప కడ్డీని ఏటవాలుగా దింపుతూ బెత్తెడు బెత్తెడు ముందుకు జరగాలి. ఒక గుండును తీయడానికి ఒక పూట పడుతుంది. ఒక్కోసారి పూటంతా తవ్వితే గుర్రపు లాడం బయటపడుతుంది.

మూడో రోజో నాలుగో రోజో బారక్ వెనక రేకుల షెడ్ల వైపు నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఏందే, గా తట్ట గాడనే వెట్టినవ్? దారికి అడ్డం గాదా?"

నడుస్తున్నవాణ్ణి ఆగిపోయాను. సర్వీసంతా కొండల్లో, ఎడారిలో, మంచులో గడిపాను. మా ఊరు పెద్దమందడి మాట డ్యూటీలో నా చెవిన పడడం అదే మొదటిసారి. వెళ్లి చూస్తే ముప్పై మందికి పైగా మనవాళ్లే. వనపర్తి దిక్కు నుంచి, నాగర్‌కర్నూల్ దిక్కు నుంచి, గద్వాల నుంచి వచ్చినవాళ్లు. తవ్వకం పని ఎక్కడుంటే పాలమూరు మనుషులు అక్కడ ఉంటారు. వాళ్లను తీసుకొచ్చిన గుంపుమేస్త్రి పేరు నర్సింలు. నా ఊరు చెబితే నన్ను పైనుంచి కింది దాకా చూశాడు.

"ఎవలోల్ల పిలగానివి?"

మా నాయిన పేరు చెప్పాను.

"అరె, మీ నాయిన, మా నాయిన జోడి. ఒక్క బాయిల దిగి పూడిక దీసిండ్రు. గింత దూరమొచ్చి సముద్రంల కలిసినమా" అని నవ్వి, షెడ్డు వైపు తిరిగి కేకేశాడు. "ఎల్లమ్మా, రొట్టె వెయ్యి. మనోడొచ్చిండు."

ఎల్లమ్మ అతని చెల్లెలు. ఆమె భర్త కిష్టయ్య. ఆ రోజు నుంచి జొన్నరొట్టె, పచ్చిపులుసు నా రేషన్లో భాగమయ్యాయి. కిష్టయ్య నెమ్మదస్తుడు. పది మాటలకు ఒక మాట. నన్ను అన్నా అనేవాడు. సాయంత్రాలు నా పక్కన కూర్చొని, మేం తీసిన తుప్పు గుండ్ల గురించి అడిగేవాడు. ఎన్నేళ్లు మట్టిలో ఉన్నా దానికి కోపం తగ్గదా అన్నా అని ఒకసారి అడిగాడు. తగ్గదని చెప్పాను. ఆ జవాబు ఇప్పుడు నాకే చెల్లుతుంది.

మే నెలలో షెడ్లలో జ్వరాలు వచ్చాయి. ఒకరి తర్వాత ఒకరు పడ్డారు. మా నర్సింగ్ అసిస్టెంటు మాత్రలిచ్చాడు, నీళ్లు కాచి తాగమన్నాడు. ఆడవాళ్లకు మాత్రం వేరే కారణం తోచింది. ఇంతమంది కాపురముంటున్న చోటికి పొలిమేర లేదు. కట్టుదిట్టం లేని ఊరిలోకి ఏదైనా వస్తుంది. ఒక మంగళవారం నేను ఆరుగంటలకు పనిలోకి వెళ్లేసరికి మా హద్దురాళ్ల వరుసంతా పచ్చగా ఉంది. తెలుపు ముఖాలకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టారు. ప్రతి రాయి మొదట్లో గడ్డపారతో చిన్న గుంట తవ్వి, ఊరి నుంచి మూటకట్టి తెచ్చుకున్న గింజలు పోసి కప్పారు. మా వైపు బొడ్రాయి నిలబెట్టేటప్పుడు కింద నవధాన్యాలు పోస్తారు. ఆ పద్ధతినే ఇక్కడ రాయి రాయికీ చేశారు. కొబ్బరిచిప్పలు వరుసగా ఉన్నాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎల్లమ్మను పిలిచాను.

"ఇవి ఏం రాళ్లో తెలుసా చెల్లే? సైన్యం రాళ్లు. దేవుడి రాళ్లు కావు."

"సున్నమేసి వరుసగ పాతినవి పొలిమేర రాళ్లు గాకపోతే ఇంకేంది సారు?"

"దాటితే చస్తారని చెప్పడానికి పాతాం."

"నేను జెప్పేది గూడ గదే గద" అంది. ఆమెకు నా కోపమే అర్థం కాలేదు.

సుబేదార్ సాబ్‌కు చెప్పాను. ఆయన వచ్చి వరుస పొడవునా నడిచి చూశాడు. ఒక్క రాయి కూడా జరగలేదు. ఎరుపు ముఖాన్ని ఎవరూ ముట్టలేదు. తవ్విన గుంటలన్నీ ఇవతలి వైపే ఉన్నాయి. "మూడు భాషల్లో బోర్డు పెట్టాం. దాని వెనకకే వెళ్లి చెంబు పట్టుకొని కూర్చుంటున్నారు. ఇక ఒక్కడు దాటుతాడేమో చూడు" అన్నాడు. పసుపు అలాగే ఉండనివ్వమన్నాడు. ఆయన చెప్పినట్టే అయింది. ఆ రోజు నుంచి ఒక్క మనిషి కూడా ఆ వరుస దాటలేదు. కిష్టయ్య పనికి పోయేటప్పుడు కొసరాయిని వేళ్లతో తాకి కళ్లకద్దుకునేవాడు.

ఇప్పుడు కంపెనీ మేనేజరు గురించి చెప్పాలి. చెప్పడం మొదలుపెడితే నా గొంతు మారుతుందని మా ఇంట్లో అంటారు. మారనివ్వండి.

అతను తెలుగువాడే. హైదరాబాదులో చదివాడు. తెల్ల హెల్మెట్, మట్టి అంటని బూట్లు. చెడ్డగా మాట్లాడేవాడు కాదు. అందరినీ అండీ అనేవాడు. ఇళ్లు కొనబోయేవాళ్లను పడవల్లో తీసుకొచ్చి దీవి చూపించే రోజు ఒకటి పెట్టుకున్నాడు. జూన్ రెండో వారం, వానలకు ముందు. షామియానాలు, జెండాలు, భోజనాలు. సముద్రం అన్నిటికన్నా బాగా కనిపించే జాగా మా రాళ్లకు అవతల, చాంద్‌మారి అంచున ఉంది. అది తనకు కావాలన్నాడు.

"వానలు పోయాక ఇస్తాం" అన్నాడు సుబేదార్ సాబ్.

"అరవై అడుగులే కదండీ" అన్నాడు మేనేజరు.

"ఆరు అడుగులైనా అంతే."

మేనేజరు నర్సింలు దగ్గరికి వెళ్లాడు. మనుషులను పంపి చదును చేయించమన్నాడు. పసుపు రాయి దాటం సారు అని నర్సింలు చెప్పాడు. ఎక్కువ కూలి ఇస్తానన్నాడు. అయినా ఎవరూ కదలలేదు. చివరికి నా దగ్గరికి వచ్చాడు. "మీ ఊరివాళ్లే కదండీ, మీరు చెబితే వింటారు" అన్నాడు. దాటొద్దని చెప్పింది నేనేనన్నాను. నవ్వి వెళ్లిపోయాడు. ఆ నవ్వును నేను అప్పుడు పట్టించుకోలేదు.

ఏటా జరిగే ఫైరింగ్ పరీక్ష కోసం మమ్మల్ని రెండు రోజులు అవతలి ఒడ్డుకు పిలిచారు. రేడియో ఆపరేటరునూ ఒక సెంట్రీనీ దీవి ఉత్తరపు బంకరులో వదిలి వెళ్లాం. ఆపరేటరు కేరళ కుర్రాడు, మంచి చెవి ఉన్నవాడు. రెండో రోజు ఉదయం తొమ్మిదింటికి తిరుగు పడవలో ఉన్నాం. దీవి ఇంకా అర కిలోమీటరు దూరంలో ఉండగా నీళ్ల మీదుగా ఒక దెబ్బ వినిపించింది. మందపు చప్పుడు. దక్షిణాన ఎర్రటి దుమ్ము లేచింది. ఆ చప్పుడు ఏమిటో మాలో తెలియనివాడు లేడు. రేడియో గరగరలాడింది.

"దక్షిణం వైపు పేలుడు. మీరెంత దూరంలో ఉన్నారు? ఓవర్."

"పది నిమిషాలు. ఎవరైనా పడ్డారా? ఓవర్."

"సెంట్రీ పరుగెత్తాడు. ఆడవాళ్ల ఏడుపు వినిపిస్తోంది. ఓవర్."

కిష్టయ్య రాయికి ఇవతలే పడి ఉన్నాడు. ఈ మాట మీకు సరిగ్గా అర్థం కావాలి. అతను హద్దు దాటలేదు. పసుపు పూసిన తెలుపు ముఖం అతని వైపే ఉంది. కానీ ఆ రాయి నేను పాతిన చోట లేదు. వరుసలోని తొమ్మిది రాళ్లు అరవై అడుగులు అవతలికి వెళ్లి నిలబడ్డాయి. ఇవతలి నేలను యంత్రంతో గీకి చదును చేశారు. అడుగున ఉన్న గుండు పైకి తేలింది. జెండా కర్ర కోసం గుంట తీస్తూ కిష్టయ్య గడ్డపార దాని మీద వేశాడు. మిగతా జెండాలు చుట్టూ పడి ఉన్నాయి, నీలం, పసుపు, నారింజ. మా నర్సింగ్ అసిస్టెంటు మోకాళ్ల మీద కూర్చొని మెడ దగ్గర వేళ్లు పెట్టి చూసి, నా వైపు తల అడ్డంగా ఊపాడు.

మధ్యాహ్నానికి పోలీసులు వచ్చారు. మేనేజరు వాళ్లకు నెమ్మదిగా, మర్యాదగా చెప్పాడు. ఈ ఆడవాళ్లు పూజ పేరుతో సైన్యం రాళ్లను తవ్వి, తమకు వీలైన చోటికి జరుపుకున్నారని. కావాలంటే పసుపు చూడండన్నాడు. ఎల్లమ్మ భర్త పక్కనే నేల మీద కూర్చొని ఉంది. ఆమెతో కూడా అన్నాడు. "మీరు గడ్డపారతో మొదళ్లు తవ్వారు కదమ్మా. అందుకే రాళ్లు వదులయ్యాయి. అందుకే ఇంత జరిగింది."

ఆమె తలెత్తి అతన్ని చూసింది. ఆమె ఆ మాట నమ్మిందని ఆ చూపులోనే నాకు తెలిసింది.

నేను అతని మీదికి వెళ్లాను. దాచడం దేనికి, గొంతు పట్టుకోవాలనే వెళ్లాను. సుబేదార్ సాబ్ వెనక నుంచి నా బెల్టు పట్టుకొని ఆపాడు. "యూనిఫాంలో ఉండగా కాదు. విప్పాక నీ ఇష్టం" అని చెవిలో అన్నాడు. ఆయన జీవితంలో నాకిచ్చిన ఆర్డర్లలో నేను అక్షరాలా పాటించింది అదే.

ఎల్లమ్మ మీద, ఇంకో నలుగురు ఆడవాళ్ల మీద కేసు రాశారు. సైన్యం హద్దులు చెరిపారని, మనిషి చావుకు కారణమయ్యారని. కిష్టయ్యను నగరంలోనే దహనం చేశారు. సైన్యం తన విచారణ మొదలుపెట్టింది. రాళ్లు మొదట ఎక్కడ ఉండేవో మా పటంలో ఉంది. కానీ జరిపింది ఎవరని అడిగితే మా దగ్గర జవాబు లేదు. ఆ రెండు రోజులూ మేం అక్కడ లేం, ఉత్తరపు బంకరులో ఉన్న ఇద్దరికి గుట్ట అడ్డం. యంత్రం నడిపినవాడు మర్నాటికే సైటు వదిలి మాయమయ్యాడు. షెడ్లవాళ్లను మొదటి రోజంతా రేవు పనిలో పెట్టారు, అందుకని వాళ్లూ చూడలేదు.

జూన్ పదో తేదీ దాటాక వాన వచ్చింది. మూడు రోజులు తెరిపి లేదు. బారక్ కప్పు కురిసింది, బూట్లలో బూజు పట్టింది. నాలుగో రోజు తెరిపిచ్చింది. పాత వరుసను మళ్లీ గుర్తించే పని నాకు అప్పగించారు. డిటెక్టరు పట్టుకొని మోకాళ్ల మీద జరుగుతున్నాను. ఎర్రమట్టిలో ఒక చోట వేలెడు పచ్చదనం కనిపించింది. గడ్డి అనుకొని చెయ్యి పెట్టబోయి ఆగాను. గడ్డి కాదు. జొన్న. దాని పక్కన రెండాకుల పెసర. కంది. ఉలవ. కొంచెం ముందుకు జరిగాను. మళ్లీ అలాంటి పిడికెడు గుబురు. ఇంకొంచెం ముందుకు, మళ్లీ ఒకటి. తలెత్తి చూస్తే తొమ్మిది గుబుర్లు తాడు పట్టినట్టు ఒకే వరుసలో ఉన్నాయి. రేడియో తీశాను.

"సుబేదార్ సాబ్‌కు చెప్పు. పాత వరుసలో జొన్న మొలిచింది. ఓవర్."

"మళ్లీ చెప్పండి. ఏం మొలిచింది? ఓవర్."

"జొన్న. పెసర. కంది. ఓవర్."

"దాన్ని కూడా తీసేయాలా? ఓవర్."

"ఎవరైనా దాని మీద కాలు పెడితే వాడి కాలు తీసేస్తాను. సాబ్‌ను రమ్మను. ఓవర్."

విషయం ఇంతే. ఆడవాళ్లు రాళ్లను తామే జరుపుకొని పూజ చేసి ఉంటే గింజలు కొత్త చోట ఉండాలి. కొత్త చోట ఉన్న తొమ్మిది రాళ్ల మొదళ్లనూ విచారణ అధికారి ముందు తవ్వించాం. ఒక్క గింజ లేదు. గింజలన్నీ పాత చోటే ఉన్నాయి, అంటే పూజ జరిగినప్పుడు రాళ్లు మేం పాతిన చోటే ఉన్నాయి. ఆ తర్వాతే ఎవరో పీకి, గుంటలు పూడ్చారు. రాళ్ల అడుగున యంత్రపు పళ్లు గీసిన గీతలు, దాని పచ్చ రంగు పెచ్చులు కూడా కనిపించాయి. విచారణ అధికారి కర్నల్, మొలకల ముందు వంగి నన్ను అడిగాడు. "ఇది జొన్న అని ఖాయమేనా?"

"పొలాల్లో పెరిగాను, సార్. జొన్న అన్నం మీద పెరిగాను" అనబోయి, "ఖాయం సార్" అని మాత్రం అన్నాను.

ఆడవాళ్ల మీద కేసు తీసేశారు. కంపెనీ మాత్రం యంత్రం నడిపినవాడి పొరపాటు అని రాసి ఇచ్చింది. మేనేజరును ఇంకో నగరానికి బదిలీ చేసింది. అంతే. మా విచారణ మా గేటు దాటి బయటి మనిషిని ముట్టుకోలేదు. వెళ్లేముందు అతను సుబేదార్ సాబ్‌తో చెయ్యి కలపబోయాడు. సాబ్ తన చెయ్యి వీపు వెనక పెట్టుకున్నాడు.

గుంపంతా ఊరికి తిరిగి వెళ్లే రోజు రేవు దాకా వెళ్లాను. నీ తప్పు లేదని తేలింది చెల్లే అని ఎల్లమ్మతో చెప్పాను.

"మీరు రాసిండ్రు, మీరే తేల్చిండ్రు. నేను గడ్డపార వట్టి తవ్విన మాట అబద్దమా అన్నా?" అంది. చేతులు కొంగులో చుట్టుకొని పడవెక్కింది.

రెండేళ్ల తర్వాత యూనిఫాం విప్పి పెద్దమందడి వచ్చాను. ఎల్లమ్మ ఊరు మాకు పక్కనే. అప్పుడప్పుడు వెళ్లేవాణ్ణి. ఆమె కూలికి పోతుంది, వంట చేస్తుంది, మాట్లాడుతుంది. కానీ పండగొస్తే పసుపు ముట్టదు. విత్తనం వేసేటప్పుడు ఆమె చాలులోకి దిగదు, నా చెయ్యి మంచిది కాదంటుంది. నర్సింలు ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాకు ఆ మేనేజరు గొంతు, ఆ మర్యాద, ఆ 'కదమ్మా' వినిపించేవి. నేను అతని పేరు రోజూ ఒకసారి తలుచుకునేవాణ్ణి, దేవుణ్ణి తలుచుకున్నంత శ్రద్ధగా.

కిందటేడు అతను మళ్లీ దీవికి వచ్చాడని తెలిసింది, ఈసారి పెద్ద హోదాలో. దీవి ప్రకటన నా ఫోన్లోకే వచ్చింది. సముద్రం కనిపించే ఇళ్లు, కింద అంగళ్లు. పునాదులు రాతిలోకి దింపాలి. ఆ పనికి పాలమూరు గుంపులే కావాలని కల్వకుర్తి వచ్చి లాడ్జిలో దిగాడు. మేస్త్రీలకు కబుర్లు పంపాడు. మూడు బస్సులు మాట్లాడుకున్నాడు.

నేను మోటారుసైకిలు తీశాను. నర్సింలు వెనక కూర్చున్నాడు. కల్వకుర్తి నుంచి రాజోలి దాకా ఏ గుంపుమేస్త్రినీ వదల్లేదు. కిష్టయ్య ఎలా చచ్చాడో చెప్పాను, ఎవరి వల్లో చెప్పాను, లేచి వచ్చేశాను. చాలామందికి అంతే చాలింది. రాజోలిలో ఒక ముసలి మేస్త్రి మాత్రం బీడీ ఆర్పి నన్ను నిలదీశాడు.

"నీకు నెల నెల పింఛన్ వడ్తది హవల్దారు. పగ వట్టనీకి నీకు తీరిక ఉన్నది. మావోల్లకు పొయ్యి మండాలె. గదెట్ల?"

ఆ మాట గుచ్చుకుంది. అతను అన్నదాంట్లో తప్పు లేదు. అయినా నేను తగ్గలేదు. నాతో పనిచేసి రిటైరైన ఒక అధికారి కాలువ పనులు చూస్తున్నాడు. ఆయనకు ఫోన్ చేసి, బతిమాలి, రాజోలి గుంపుకు అక్కడ పని చూపించాను. అప్పుడు ముసలాయన ఇంకో బీడీ ముట్టించి, ఆ దీవికి మావోడు ఒక్కడు గూడ రాడు పో అన్నాడు.

మూడు రోజులు లాడ్జిలో కూర్చున్నా మేనేజరుకు ఒక్క మనిషి దొరకలేదు. నాలుగో రోజు నర్సింలుకు ఫోన్ చేశాడు. ఏం చేస్తే వస్తారో చెప్పండన్నాడు. ముందుగల మా చెల్లె ఇంటికొచ్చి ఆ దినం ఏం జరిగిందో నీ నోటితోని చెప్పు, గంతదనుక ముచ్చటే లేదన్నాడు నర్సింలు.

వచ్చాడు. మధ్యాహ్నం మూడింటికి, బస్సులు వెంటబెట్టుకొని. ఒప్పందం అయిపోయినట్టే అనుకున్నాడు. ఎల్లమ్మ ఇంటి ముందు పల్లీలు వలుస్తోంది. చాట నిండా కాయలు, ఒళ్లో పొట్టు. అతనికి ప్లాస్టిక్ కుర్చీ వేశారు. నేను గోడకానుకొని నిలబడ్డాను. నన్ను గుర్తుపట్టి ముఖం తిప్పుకున్నాడు.

"జరిగిందేదో జరిగిపోయిందమ్మా. నాకూ బాధగానే ఉంది" అన్నాడు.

"గది గాదు సారు. ఎట్ల జరిగిందో చెప్పు" అన్నాడు నర్సింలు.

అతను చెమట తుడుచుకున్నాడు. "రాళ్లు నేనే జరిపించాను. ఆర్మీ వాళ్లు అవతలి ఒడ్డుకు వెళ్లిన రోజు, మిషన్‌తో."

ఎల్లమ్మ చేతులు ఆగాయి. "నేను తవ్వినందుకు వదులైనయన్నవ్ గద."

"లేదమ్మా. గట్టిగానే ఉన్నాయి. మిషన్‌కు కూడా ఒక పట్టాన రాలేదు."

ఆమె మళ్లీ అడిగింది. "మరి ఆయన ఎట్ల వోయిండు? దినాం మొక్కే రాయి జరిగితె ఆయనకు ఎరుకైతది గద."

మేనేజరు నా వైపు ఒకసారి చూశాడు. "అడిగాడు. రాయి ఇక్కడికెలా వచ్చింది సార్ అని. హవల్దారు గారే జరిపించి వెళ్లారు, మీ ఊరాయనే కదా అని చెప్పాను."

"ఏమన్నడు?"

"'అన్న వెట్టిండంటే ఇగ భయం లేదు' అన్నాడు. గడ్డపార తీసుకొని వెళ్లాడు."

ఇన్నేళ్లు అతని నోటి నుంచి నిజం పీకాలని తిరిగాను. పీకితే అందులో నా పేరు వచ్చింది.

మేనేజరు లేచాడు. "చెప్పమన్నది చెప్పాను. రేపు పొద్దున మనుషుల్ని ఎక్కిస్తారా మరి?"

"చెప్తే వింటమన్నం సారు. వస్తమనలే" అన్నాడు నర్సింలు.

అతను నర్సింలును చూశాడు, నన్ను చూశాడు. ఈసారి నవ్వలేదు. నడిచి వెళ్లి ముందు కారెక్కాడు. మూడు బస్సులు దాని వెనక ఊరి మధ్య నుంచి ఖాళీగా పోయాయి. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి, ఒక్క తల కూడా లేదు. జనం వాకిళ్లలో నిలబడి చూశారు. నేను చివరి బస్సు మలుపు తిరిగేదాకా చూశాను. నాకు బాగుంది. బాగోలేదని అబద్ధమాడలేను. అతన్ని ఈ రోజుకీ క్షమించలేదు, కిష్టయ్యకు నా పేరు చెప్పి పంపినందుకు ఎప్పటికీ క్షమించను.

తిరిగి వాకిట్లోకి వస్తే ఎల్లమ్మ అక్కడే ఉంది. చాటను పక్కకు జరిపింది. రెండు అరచేతులూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకొని చూసుకుంటోంది. ఎవరో ఎత్తుకుపోయిన సామాను ఇంటికి తెచ్చిచ్చినట్టు, ఒక్కొక్క వేలే తడుముతోంది. పల్లీ దుమ్ము అంటుకొని వేళ్లన్నీ ఎర్రగా ఉన్నాయి. నేను ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను. నా పేరు సంగతి ఆమె ఎత్తలేదు. తల ఎత్తకుండానే, "గట్టిగనే ఉండెనంట అన్నా" అంది.